పెద్ద సార్ మెల్లగా దిగిన ముక్కాలి పీట

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది. కాగితం మీద లెక్క కుదిరిందంటే బయట కూడా అంతా కుదిరినట్టేనని. నాకు లెక్కలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాత పుస్తకాలు తెచ్చుకొని, అర్థం కానిచోట కోపం తెచ్చుకొని, నాకు నేనే నేర్చుకున్నాను. అందుకే వాటి మీద అంత మమకారం. బస్సెక్కితే, పైన కట్టిన మూటల బరువు ఏ చక్రం మీద ఎంత పడుతుందోనని కళ్ళు మూసుకొని ఆలోచించేవాణ్ణి. (పక్కసీటు వాళ్ళు తలనొప్పేమో అనుకొని కిటికీ దగ్గరికి జరగమనేవాళ్ళు. గాలి బాగా తగిలేది కాబట్టి నేనూ కాదనేవాణ్ణి కాదు.) ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే జాలీ వేస్తుంది, కాస్త ముచ్చటా వేస్తుంది.

కనగానపల్లి దగ్గర ఒక బడిలో నేను చేతిపనుల టీచర్ని. పేరుకు చేతిపనులేగాని బడిలో ఒక్క పనిముట్టు లేదు. ఒక సుత్తి ఉండేదని, దాని పిడి ఊడిపోయిందని, తర్వాత సుత్తే పోయిందని పాత అటెండరు చెప్పేవాడు. అందుకని నేను నల్లబల్ల మీద రంపం బొమ్మ గీసేవాణ్ణి. పళ్ళు ఏ కోణంలో ఉండాలో, ఎందుకు ఉండాలో వివరంగా రాసేవాణ్ణి. పిల్లలు నోటుపుస్తకాల్లో అదే బొమ్మ దించుకొనేవాళ్ళు. పరీక్షలో రంపం బొమ్మకు మంచి మార్కులు వచ్చేవి. ఒకరోజు ముందు వరసలో కూర్చునే అమ్మాయి లేచి, "సార్, నిజం రంపం కోసేటప్పుడు ఎట్ల శబ్దం చేస్తాది?" అని అడిగింది. నేను నోటితో ఏదో శబ్దం చేశాను. తరగతి అంతా నవ్వింది గాని ఆ అమ్మాయి నవ్వలేదు. నోటితో చేసిన శబ్దం ఎందుకూ పనికిరాదని ఆ పిల్లకు తెలుసు. నాకూ తెలుసు.

ఆ ఏడాది దసరా సెలవుల్లో పెనుకొండలో చేతిపనుల టీచర్లకు శిక్షణ అన్నారు. ఉపన్యాసాలు ఉండవట, ఎవరి చేతులతో వాళ్ళు వస్తువు తయారు చెయ్యాలట. సెలవులు పోయాయని అందరూ గొణుక్కుంటూ వచ్చారుగాని, హాలులో ఒక మూల పెట్టిన పెద్ద పెట్టెను చూశాక గొణుగుడు ఆగిపోయింది. అందులో రంపాలు, ఉలులు, చెక్క నున్నచేసే చిత్రిక, బెజ్జాలు వేసే బరమా, సుత్తులు ఉన్నాయి. అన్నీ కొత్తవి. ఏ జట్టు చేసిన వస్తువు వాడకానికి నిలబడుతుందో ఆ జట్టుకు ఆ పెట్టె ఇస్తారు. ముగ్గురికొక జట్టు. నా జట్టులో ఒకరు ధర్మవరం అక్క. ఇంట్లో పట్టుచీరల మగ్గాలు ఉన్న మనిషి, నాకంటే బాగా పెద్దది, బడిలో కుట్టు, అల్లిక నేర్పేది. రెండోవాడు హిందూపురం అన్న. బజారులో అంగడి ఉన్న కుటుంబం, వృత్తి డ్రాయింగు మాస్టరు, ఏ మాటకైనా జవాబు జేబులో పెట్టుకొని తిరిగేవాడు. టీ తాగేటప్పుడు రంపం బొమ్మ సంగతి వాళ్ళిద్దరికీ చెప్పాను. నవ్వుతారనుకున్నాను. అక్క గ్లాసు కింద పెట్టి, "పెట్టె వస్తే నీ బడికే తీసకపోప్పా. మా బడిలో కత్తెరలన్నా ఉండాయి" అంది. అన్న, "నాకేమబ్బా, బ్రష్షుంటే చాలు. దుడ్లు పెట్టి కొన్నదాన్నే మా బడిలో వాడనీరు, ఊరికే వస్తే దాచిపెడతారు" అన్నాడు. అలా పెట్టె ఇంకా రాకముందే మా బడిది అయిపోయింది. దాంతో నాకు ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

పనిముట్లు పెట్టెలోంచి బయటికి తీసే రోజు సరిగ్గా ఆయుధపూజ నాడే పడింది. శిక్షణ తేదీలు ఎక్కడో కూర్చొని వేసినవాళ్ళకు ఇది తట్టలేదు. పొద్దున్నే హాలుకు వచ్చిన అక్క పెట్టె ముందు నిలబడి, "కొత్త పనిముట్లు, ఈ పొద్దు పూజ చేయకుండా ముట్టుకుంటామా ఏమి?" అంది. ఆ ఒక్క మాట చాలింది. అంతవరకూ బల్ల జరపమంటే వినని టీచర్లందరూ ఒక్కసారిగా ఉత్సాహంగా కదిలారు. హిందూపురం అన్న బజారుకు పోయి బూడిద గుమ్మడికాయ, నిమ్మకాయలు, బంతిపూలు, బొరుగులు తెచ్చాడు. పనిముట్లన్నీ ముందువైపు పొడవాటి బల్ల మీద వరసగా పేర్చాం. (పేర్చింది నేనే. పెద్దవి నడుమ, చిన్నవి అంచున, బరువు రెండు పక్కలా సమంగా.) ప్రతిదానికీ పసుపు, కుంకుమ పెట్టి, రంపాలకు పూలు చుట్టి, గుమ్మడికాయను మధ్యలో కూర్చోబెట్టాం. ఇంత బాగా ఏ శిక్షణా మొదలవలేదని అందరం మురిసిపోయాం.

అంతలో శిక్షణ ఇచ్చే మేడం వచ్చింది. ఆమెది బెంగళూరు. ఆయుధపూజ అంటే సిటీబస్సులకు కూడా అరటి పిలకలు కట్టే ఊరు కాబట్టి ఆమెకు ఇదేమీ కొత్త కాదు. చెప్పులు విడిచి, హారతి కళ్ళకద్దుకొని, బొరుగులు తిని, చేతులు దులుపుకొంది. "చాలా బాగుంది. ఇంక మొదలుపెడదాం. అందరూ రంపాలు తీసుకోండి" అంది.

ఎవరూ కదల్లేదు. చివరికి అక్కే చెప్పింది. "మేడం, పూజలో పెట్టిన పనిముట్టును ఈ పొద్దు కదిలించకూడదు. మా ఇంట్లో మగ్గం కూడా ఈ పొద్దు ఆడదు. రేపు లేపుకుంటాము."

మేడం బల్ల వైపు, మా వైపు, మళ్ళీ బల్ల వైపు చూసింది. ఆమె ముఖంలో కోపం కోసం వెతికాను, కనబడలేదు. "సరే. పనిముట్లకు సెలవు. చేతులున్నాయి కదా? వాటికీ పూజ చేసినారా?" అంది.

హిందూపురం అన్న కుంకుమ భరిణె అందుకొని, "ఇంకా లేదు మేడం. చేసేద్దామా?" అన్నాడు.

అప్పుడు మాత్రం మేడం నవ్వింది. ముందే కోయించి తెచ్చిన సరుగుడు కర్రలు, పలకలు ఉన్నాయని, మేకు, సుత్తి లేకుండా కట్టి నిలబెట్టగలిగింది నిలబెట్టమని చెప్పింది. సాయంత్రం పెద్ద సార్ వచ్చి చూస్తారని కూడా చెప్పింది. పెద్ద సార్ అంటే మా అందరిపైన అధికారి. మనిషి అన్ని విధాలా పెద్ద. ఎత్తులో, వెడల్పులో, ఉపన్యాసంలో కూడా.

నాకు లోపల సంబరం. పనిముట్టు పట్టుకోవాల్సిన అవసరం లేని పని దొరికింది. కాగితం తీశాను. మూడు కర్రలు నడుమ దగ్గర ఒకదానిమీద ఒకటి పడేటట్టు నిలబెట్టి, ఆ కలిసేచోట దారంతో బిగించి, పైన పలక కడితే ముక్కాలి పీట అవుతుంది. దారమే సమస్య. అక్క సంచిలోంచి పట్టు దారం చుట్ట తీసింది. "ఇది తెగదు. నా మాట నమ్ము" అంది. నేను మాట నమ్మే రకం కాదు కాబట్టి ఒక పోగుకు రాయి వేలాడదీసి చూశాను. ఎన్ని పోగులు చుడితే ఎంత బరువు ఆగుతుందో లెక్కవేశాను. పెద్ద సార్ బరువు చూపుతోనే అంచనా వేసి, మర్యాద కోసం ఇంకొంచెం కలిపి, దానికి రెండింతలు ఆగేలా చుట్టమన్నాను. అక్క చుట్టింది. అన్న పలక మీద చిన్న పువ్వు బొమ్మ వేశాడు. ముగ్గురం ఒకరి తర్వాత ఒకరు కాసేపు కూర్చొని చూశాం. ఎరుపు, ఆకుపచ్చ పట్టుతో మెరిసిపోతూ ఆ పీట పెళ్ళికి తయారైనట్టు ఉంది. పెట్టెను కనగానపల్లి బస్సులో ఏ వైపు పెట్టించాలో కూడా నేను అప్పుడే ఆలోచించేశాను.

సాయంత్రం పెద్ద సార్ వచ్చారు. పూజ చేసిన బల్ల వెనక మైకు పెట్టారు. కుర్చీ వేయబోతుంటే మేడం, "మీరు కూర్చుంటే మా వాళ్ళ పని పరీక్షించినట్టు ఉంటుంది సార్" అని మా పీట చూపించింది. ఆయన సంతోషంగా కూర్చున్నారు. పీట కిమ్మనలేదు. అక్క నా వైపు చూసి కళ్ళతోనే భేష్ అంది. పెద్ద సార్ మైకు దగ్గరికి లాక్కొని, పని విలువ గురించి మొదలుపెట్టారు.

కొంతసేపటికి ఆయన మైకును కొంచెం కిందికి వంచుకున్నారు. ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. ఇంకొంతసేపటికి మళ్ళీ వంచుకున్నారు. ఇందాక బల్ల మీదుగా కనబడిన చొక్కా రెండో గుండీ ఇప్పుడు కనబడటం లేదు. పట్టు తెగలేదు. నా లెక్కలో తప్పు లేదు. కాని పట్టు నున్నగా ఉంటుంది. ముడి దగ్గర అది మెల్లగా, ఎవరికీ తొందర లేనట్టు జారుతోంది, మూడు కాళ్ళూ అంతే మెల్లగా విడిపోతున్నాయి. "విద్యార్థులను మనం ఉన్నత స్థాయికి తీసుకుపోవాలి" అంటున్నప్పుడు ఆయన గడ్డం గుమ్మడికాయ వెనక్కి చేరింది. ఆయనకు తెలియక కాదు. లేస్తే ఉపన్యాసం ఆగుతుంది. ఆయన ఉపన్యాసం మధ్యలో ఆగగా ఎవరూ చూడలేదు. హాలులో ఎవరూ నవ్వలేదు, ఊపిరి కూడా జాగ్రత్తగా వదులుతున్నారు. అన్న నా చెవిలో, "ఏమప్పా, ఇంకెంత దిగుతాడు? లెక్కేసి చెప్పు" అన్నాడు. నేను లెక్క కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. చివరికి కుంకుమ పెట్టిన గుమ్మడికాయ ఒక్కటే మమ్మల్ని చూస్తుండగా, బల్ల కిందినుంచి "ధన్యవాదాలు" అని గంభీరంగా వినిపించింది. అందరం చప్పట్లు కొట్టాం. ఏం చెయ్యాలో తెలియక ఎక్కువసేపే కొట్టాం.

ఇద్దరు పట్టి లేపారు. ఆయన ప్యాంటు దులుపుకొని, "ఎవరి పని ఇది?" అన్నారు. అక్క ముందుకొచ్చి, "మా ముగ్గురిదీ సార్" అంది.

"తెగిందా?"

"తెగలేదు సార్" అన్నాను ఎలాగో. "జారింది. తెగడం లెక్కవేశాను. జారడం వెయ్యలేదు. కాళ్ళకు కిందవైపు అడ్డకర్రలు కొడితే విడిపోవు సార్. దానికి మేకులు, సుత్తి..." అని బల్ల వైపు చూశాను.

ఆయన కూడా పూలు పెట్టుకొని కూర్చున్న సుత్తుల వైపు చూశారు. నమస్కారం పెట్టారు. "రేపు లేపుతారు కదా. కొట్టి పెట్టు. టీ ఇక్కడే తాగుతా. దీని మీదే" అని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున అక్క పనిముట్లను కదిలించి, పూలు తీసి, ఒక సుత్తి నా చేతిలో పెట్టింది. అన్న రంపం తీసుకున్నాడు. నేను సుత్తి పట్టుకొని నిలబడే ఉన్నాను. మేకు ఎంత లోతు దిగాలో, ఏ వాలులో దిగాలో అన్నీ తెలుసు. కొట్టడం ఒక్కటే తెలియదు. అప్పటివరకు జీవితంలో ఒక్క మేకు కొట్టి ఎరగను. మొదటి దెబ్బకు మేకు వంగింది. రెండోది ఎక్కడికి పోయిందో ఇప్పటికీ దొరకలేదు. మూడోది నా బొటనవేలి మీద పడింది. అక్క నీళ్ళ గుడ్డ చుట్టి, "మేకును చూసి కొట్టప్పా, కాగితాన్ని చూసి కాదు" అంది. పక్కన అన్న రంపం సరుగుడు కర్ర మీద ఆడుతుంటే ఆ శబ్దం వింటూ కాసేపు నొప్పి మరిచిపోయాను. నేను బడిలో నోటితో చేసిందానికి, దీనికి అసలు పోలికే లేదు.

అడ్డకర్రలు వంకరగానే కూర్చున్నాయి, కాని కూర్చున్నాయి. పెద్ద సార్ చెప్పిన దానికంటే ముందే వచ్చారు. నా బొటనవేలి కట్టు చూశారు. పీట పక్కన అక్క నిలబడి ఉంది. ఆయన కూర్చోబోతూ, నిన్నటి సంగతి ఒళ్ళు మరిచిపోలేదేమో, చెయ్యి చాచి అక్క భుజం పట్టుకున్నారు. పీట కిర్రుమంది, ఆగింది. టీ వచ్చింది. ఆయన ఒక చేత్తో టీ తాగారు. రెండో చెయ్యి అక్క భుజం మీదే ఉంది. అక్క కదలకుండా, ఫోటోకు నిలబడినట్టు నిలబడింది. గ్లాసు ఖాళీ చేసి ఆయన లేచారు. "నిలబడింది" అన్నారు. పెట్టె మా ముగ్గురిలో ఎవరి బడికని ఆయన అడిగితే, అక్క, అన్న ఇద్దరూ నన్నే ముందుకు తోశారు.

పెట్టె బస్సెక్కింది. సెలవులయ్యాక బడి తెరిచిన రోజు ఆ అమ్మాయికే మొదట రంపం ఇచ్చాను. ఆమె కర్ర మీద రెండుసార్లు లాగి, ఆగి, మళ్ళీ లాగింది. "ఇట్లనా సార్!" అంది. అంతే అంది. ఆ మాట ఎప్పుడు గుర్తొచ్చినా బాగానే ఉంటుంది.

ఇప్పుడు పెనుకొండ శిక్షణలో కొత్త టీచర్లకు నేనే ముక్కాలి పీట కట్టడం నేర్పుతాను. జారడం కూడా లెక్కలో చేర్చాను, అడ్డకర్రలు కూడా చేర్చాను. ఈమధ్య ఒక పని మీద ధర్మవరం పోయినప్పుడు అక్క ఇంటికి వెళ్ళాను. రిటైరయింది, కళ్ళద్దాలు వచ్చాయి, మాట మాత్రం అదే. ఇన్నేళ్ళుగా నన్ను తొలిచేస్తున్న సంగతి అడిగాను. "అక్కా, ఆ పొద్దు పెద్ద సార్ బరువు పీట మీద ఎంత పడింది, నీ భుజం మీద ఎంత పడింది?"

అక్క భుజం ఒకసారి తడుముకొని నవ్వింది. "ఆ పొద్దంతా జడ వేసుకోను చెయ్యి లేయలేదప్పా. నువ్వు పెట్టె చూసుకుంటా మురిసిపోతాంటివి, ఎందుకు చెప్పేదని ఊరకుంటి."

ఆ సంఖ్య నాకు ఇక దొరకదు. మొన్న శిక్షణలో ఒక కుర్ర టీచరు తన పీట మీద మరొకరిని కూర్చోబెట్టబోతూ, చేతిలో కాగితం పట్టుకొని, "లెక్క సరిపోయింది సార్, మీరు పక్కకు జరగండి" అన్నాడు. లెక్క నేనూ చూశాను, నిజంగానే సరిపోయింది. సరేనన్నాను. కాని జరగలేదు. ఒక భుజం వంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో అలాగే నిలబడ్డాను.