రత్నమ్మ చూపుడువేలు

2004 ఎండాకాలంలో నన్ను దిబ్బూరహళ్ళి పశువైద్య కేంద్రానికి వెటర్నరీ ఇన్‌స్పెక్టరుగా వేసినారు. ఇన్‌స్పెక్టరంటే డాక్టరు కాదు. పైన వెటర్నరీ ఆఫీసరు ఉంటాడు, ఆయన వారానికి రెండుసార్లు వచ్చేవాడు. తక్కిన రోజుల్లో ఎదకొచ్చిన ఆవులకు సూది వేసేది నేనే. ఊళ్ళో మాత్రం అందరూ నన్ను డాక్టరప్పా అనే పిలిచేవాళ్ళు. నేనూ కాదనేవాణ్ణి కాదు. వినడానికి బాగుండేది మరి.

కేంద్రంలో అన్నిటికన్నా విలువైన సామాను నైట్రోజన్ క్యాను. మేలుజాతి ఆబోతు వీర్యాన్ని సన్నటి గొట్టాల్లో నింపి ద్రవ నైట్రోజన్‌లో ముంచి ఉంచుతారు. సున్నాకు కింద నూటతొంభైఆరు డిగ్రీల చలి. లోపల ఆవిరి పుడుతూనే ఉంటుంది కాబట్టి మూత బిగించకూడదు, వదులుగా పెట్టాల. ఇవన్నీ నాకు కొట్టినపిండి. తప్పు అక్కడ జరగలేదు.

ఒకసారి చింతామణి టౌన్లో చర్మవ్యాధుల డాక్టరమ్మకు బెంగళూరు నుంచి రావలసిన నైట్రోజన్ రాలేదు. మా ఆఫీసరు చెబితే నేనే కొంచెం తీసకపోయి ఇచ్చినాను. ఆమె పుల్లకు దూది చుట్టి, అందులో ముంచి, ఒకాయన చేతి పులిపిరి మీద ఆనించింది. చుట్టూ సన్నటి తెల్లంచు రాగానే తీసేసింది. పది లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు. ఇంతేనా, ఇది నాకు చేతకాదా అనుకుంటూ బస్సెక్కినాను.

వారం తిరక్కుండానే రత్నమ్మ వచ్చింది. పట్టు తీసే షెడ్డులో పని చేసే మనిషి. వేణ్ణీళ్ళలో తేలే పట్టుగూళ్ళ నుంచి దారం కొసను పట్టి రాట్నానికి ఎక్కించాల. ఆ కొస కంటికి సరిగ్గా ఆనదు, వేలికే తెలుస్తుంది. సరిగ్గా ఆమె కుడి చూపుడువేలి కొసనే పెద్ద పులిపిరి లేచింది.

"డాక్టరప్పా, ఆవుల క్యానులో ఉండే మందుతో దీన్ని కాల్చేస్తారంట గదా. నాకూ కాల్చప్పా" అనింది.

చింతామణికి పొమ్మని చెప్పాల్సినవాణ్ణి దూది చుట్టినాను. తెల్లంచు వచ్చింది. అక్కడ ఆపింటే రాయడానికి ఏమీ ఉండేది కాదు. మొండి పులిపిరి, ఇంకొంచెం పెడదామనిపించింది. నొప్పిగా ఉండాదా అని అడిగినాను. "మొదట చురుక్కుమనింది. ఇప్పుడేమీ లేదు. బాగా పెట్టప్పా, మళ్ళీ మళ్ళీ రాలేను" అనింది. నొప్పి లేదంటే హాని లేదనుకున్నాను, నా తెలివి మండా! మూడుసార్లు ముంచి పెట్టినాను. వేలి కొస చెక్కముక్క మాదిరి గట్టిపడింది.

మరుసటి పొద్దున ఆమె మొగుడు కేంద్రం ముందర నిలబడి ఉన్నాడు. "అప్పా, వేలు నల్లగా అయిండాది. అన్నం ముద్ద పట్టలేకుండా ఉండాది" అన్నాడు. ఇద్దర్నీ వెంటబెట్టుకొని చింతామణి బస్సెక్కినాను. దారంతా ఆమె ఎడమచేత్తో ఆ వేలిని గిల్లి చూసుకుంటానే ఉంది. నేను కిటికీకేసి చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ వేలు చూసి, ఎంతసేపు పెట్టినారని అడిగింది. పది సెకన్లు అన్నాను. పచ్చి అబద్ధం. ఆమె నా మొహంలోకి చూసి, "నేను ఇచ్చే మందు మీ జవాబును బట్టి ఉంటుంది. సరిగ్గా చెప్పండి" అనింది. రత్నమ్మ ముందరే ఒప్పుకోవాల్సి వచ్చింది: మూడుసార్లు, ఒక్కొక్కసారి నిమిషం దాకా. ఆమెకు షుగరుందా అని ముందే అడిగినారా అనింది డాక్టరమ్మ. అదీ అడగలేదు. ఆవుకైతే ఎప్పుడు ఈనిందని అడక్కుండా చెయ్యి వెయ్యను. సిగ్గుతో చచ్చిపోయినాను.

డాక్టరమ్మ కట్టు కట్టి, గోరు మాత్రం బయటికి కనిపించేట్టు వదిలింది. గోరు నొక్కితే తెల్లబడుతుంది, వదిలితే ఎర్రబడాల. ఎర్రబడకపోతే కొసకు రక్తం పోనట్టే, అక్కడిదాకా వేలు తీసేయాల్సి వస్తుందని చెప్పింది.

రోజూ పొద్దున్నే వాళ్ళింటికి పోయి గోరు నొక్కేవాణ్ణి. మొదటి రోజు తెల్లగానే ఉండిపోయింది. రెండో రోజూ అంతే. మొగుడు గుమ్మంలో నిలబడి చూసేవాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండు అనిపించేది. మూడో రోజు నొక్కి వదిలితే, ఎంతో సేపటికి, గోరు మొదట్లో కొంచెం ఎరుపు కనిపించింది. భ్రమేమోనని మళ్ళీ నొక్కినాను. మళ్ళీ వచ్చింది. మర్నాటికి కొస దాకా పాకింది.

జరిగిందంతా ఆఫీసరుకు నేనే చెప్పినాను. మెమో ఇచ్చినాడు. న్యాయమే.

గాయం మానడానికి రెండు నెలలు పట్టింది. ఆమె పనికి పోతోందని తెలిసి షెడ్డుకు పోయినాను. రాట్నం దగ్గర వేరే మనిషి కూర్చొనింది. రత్నమ్మ మూలన నేల మీద కూర్చొని చెడిపోయిన గూళ్ళు ఏరుతా ఉంది. వేలెట్లుండాదమ్మా అని అడిగినాను.

వేలెత్తి చూపించింది. "వేలు బాగానే ఉండాదప్పా. కానీ దారం తగిలినా తెలీడంలా."

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ ఉద్యోగం చేసినాను. ఎవరైనా డాక్టరప్పా అంటే, కాదమ్మా, ఇన్‌స్పెక్టర్ని అని చెప్పేవాణ్ణి. చలి మొదట తీసుకొనిపోయేది నొప్పిని. అందుకే నొప్పి లేదని ఎవరన్నా అన్నప్పుడే చెయ్యి వెనక్కి తీయాలని నేర్చుకున్నాను. నేర్చుకున్నది నేను, పోయింది ఆమె పని.