అమ్మ అడిగిన ఇంటిపేరు

మా అమ్మ ఎవరికైనా మంచినీళ్ళివ్వకముందే ఇంటిపేరు అడుగుతుంది. కోస్తా నుంచి తార్నాక వచ్చి నలభై ఏళ్ళయినా ఆ అలవాటు పోలేదు. ఇంటిపేరు తెలిస్తే కులం తెలుస్తుంది. కులం తెలిస్తే ఎందులో అన్నం పెట్టాలో తేలుతుంది. నాకు తెలియక కాదు, తెలిసే ఊరుకున్నాను ఇన్నేళ్ళూ.

నేనేమో యూనివర్సిటీలో వలస సాహిత్యం చెబుతాను. ఊరూ పేరూ పోగొట్టుకున్న మనుషుల గురించి గంటలు గంటలు ఊదరగొడతాను. ఆ ఏడాది మారిషస్ నుంచి ఒకబ్బాయి మా క్లాసులో చేరాడు. చెరుకు తోటల్లో కూలికని ఓడెక్కిన తెలుగువాళ్ళ సంతతి. సాయంకాలపు బడిలో నేర్చిన తెలుగు, అచ్చు పుస్తకంలా మాట్లాడేవాడు. హాస్టల్లో అతని పక్క గది కుర్రాడు ఒకరోజు నన్ను ఆపాడు.

“మేడం, గీయనకు తెలుగోళ్ళ ఇంట్ల ఒక్కపూటన్న తినాలని ఉన్నదట. ఎవ్వరు పిలుస్తలేరు.”

ఆదివారం భోజనానికి పిలిచాను. అమ్మ గుమ్మంలోనే అడిగేసింది.

“ఎవరింటివాళ్ళు బాబూ మీరు? ఇంటిపేరేంటి?”

చెప్పాడు.

“అయ్యో రాత, అది మనిషి పేరు కదయ్యా!”

“అవునండి. ఓడ దిగినప్పుడు మా పెద్దాయన పేరు ఒక్కటే రాసుకున్నారు. అదే మా ఇంటిపేరు అయినది. అసలుది ఏమో మాకు తెలియదు. అది వెతుకుటకే ఇక్కడికి వచ్చితిని.”

అమ్మ మాకు స్టీలు కంచాలు పెట్టి, అతనికి పేపరు ప్లేటు పెట్టింది. వచ్చినవాడి ముందు గొడవెందుకని సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. అతనిదేం కులమో నాకూ తెలుసుకోవాలనే ఉంది.

అతను ప్లేటు వంక చూశాడు. కళ్ళు మూసుకుని పేర్లు చెప్పసాగాడు. తండ్రి, తాత, ముత్తాత, అలా ఆరు తరాలు, ఓడెక్కిన మనిషి దాకా. పండగ భోజనానికి ముందు వాళ్ళింట్లో అలా తలుచుకుంటారట.

“మీరు కూడా చెప్పండి మేడం, పిమ్మట తిందాము.”

నాన్న పేరు చెప్పాను. తాతయ్య పేరు చెప్పాను. ముత్తాత పేరు తెలియక అమ్మ వైపు చూశాను.

“ఊళ్ళో ఆయన్ని అందరూ ఇంటిపేరుతోనే పిలిచేవారే,” అంది అమ్మ గొంతు తగ్గించి.

సిగ్గుతో చచ్చిపోయాను. అతను కాసేపు నాకోసం ఆగి, తర్వాత నిదానంగా తిన్నాడు. పేపరు ప్లేటు మడిచి, వద్దన్నా వినకుండా తనే వీధి చివర చెత్తకుండీలో పడేసి వచ్చాడు.

మళ్ళీ రెండుసార్లు పిలిచాను, రాలేదు. చదువయ్యాక చెప్పి వెళ్ళడానికి డిపార్ట్‌మెంట్‌కి వచ్చాడు. ఇంటిపేరు దొరికిందా అని అడిగాను.

“లేదండి. ఇక వెతకను. మాకు ఉన్న పేరు చాలును.”