అందరూ కూర్చోండి, ఒక్క ఫోటో

జనార్ధనరావు గారితో ప్రయాణం చేయడమంటే దారి పొడుగునా కూర్చోవడమే. నాలుగడుగులు పడ్డాయో లేదో ఆయన చెయ్యెత్తుతారు. "ఆగండాగండి. ఒక్క ఫోటో. అందరూ కూర్చోండి." నిలబడి ఫోటో దిగడమన్నది ఆయన శాస్త్రంలో లేదు. బెంచీ ఉంటే బెంచీ, లేకపోతే మెట్టు, అదీ లేకపోతే ఎవరింటి ముందో ఉన్న పిట్టగోడ. మనల్ని కూర్చోబెట్టి, తను ఏ స్తంభానికో ఆనుకుని, ఫోను పైకెత్తి, కిందికి దించి, చొక్కాతో తుడిచి, మబ్బు తప్పుకునేదాకా చూసి, మళ్ళీ మొదట్నించీ మొదలెడతారు.

ఇంతా చేస్తే, ఆ ఫోటోలు ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు.

"నయాగరా ఫోటోలు పంపిస్తానన్నారు" అని ఆ ప్రయాణాల్లో తోడొచ్చే వైదేహి అడిగితే, "సార్ట్ చేస్తున్నానమ్మా" అంటారు. ఒట్టావా ట్యులిప్‌లూ సార్టింగ్‌లోనే ఉన్నాయి, హాలిఫాక్స్ ఓడరేవూ సార్టింగ్‌లోనే ఉంది. కెనడాలో, విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీ క్వాలిటీ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. "ఈయనుండగా ఒక్క కారైనా గేటు దాటి ఉంటుందంటావా?" అని వైదేహి భర్త అచ్యుత్‌కి ఎప్పుడూ అనుమానమే.

వీళ్ళ ప్రయాణాల్లో నాలుగో మనిషి డాక్టర్ సూర్యకుమారి గారు. ముప్ఫై ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో జనానికి మత్తుమందిచ్చి, ఈమధ్యే పని మానుకున్నారు. డెబ్బై దాటినా, "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటారు. ఎవరైనా వీల్‌చెయిర్ మాటెత్తితే, "ఎవరికి?" అని చుట్టూ చూస్తారు.

నవంబర్లో నలుగురూ కలిసి ఈజిప్టు వెళ్ళాలని అనుకున్నారు. దానికి రిహార్సల్‌గా మార్చిలో ఒక శనివారం టొరంటో వెళ్ళి, అక్కడి మ్యూజియంలో ఈజిప్టు హాలు చూసొద్దామని సూర్యకుమారి గారే ప్లాన్ వేశారు.

వైదేహి ఆలోచన వేరు. జనార్ధనరావు గారిని వెంటబెట్టుకుని లగ్జర్‌లో రాజుల సమాధులు చూడ్డానికి వెళితే, గుమ్మం చేరేసరికి అక్కడివాళ్ళు తాళం వేసుకుని ఇంటికి పోతారు. ఈసారికి ఆయన్ని వదిలేద్దామని భర్తతో అంది. మరి ఆయనకి చెప్పేదెవరు? అచ్యుత్ టీవీలో క్రికెట్ మీద దృష్టి పెట్టాడు. అంటే వైదేహే చెప్పాలి. 'మీ ఆరోగ్యం దృష్ట్యా' అని మొదలుపెట్టి ఒక వాక్యం తయారుచేసుకుంది. భోజనాల దగ్గర చెప్పేద్దామనుకుంది.

విండ్సర్ నుంచి వాన్‌లో బయల్దేరి టొరంటో చేరేసరికే నడుములు పడిపోయాయి. మ్యూజియంలో కోట్లు విప్పి ఇచ్చేచోట మొదటి ఫోటో. టికెట్ల దగ్గర రెండోది. ఈజిప్టు హాలు ముందున్న బెంచీ మీద ఇంకోటి.

"ఇంకా లోపలికే వెళ్ళలేదు కదండీ" అంది వైదేహి.

"వెళ్ళక ముందుది ఒకటి ఉండాలి కదమ్మా."

లోపల అద్దాల పెట్టెలో ఒక మమ్మీ ఉంది. దాని ఎదురుగా బెంచీ. ఇంకేముంది, ముగ్గురూ కూర్చున్నారు. జనార్ధనరావు గారు గోడకి ఆనుకుని ఫోను సరిచేసుకోసాగారు.

"త్వరగా కానివ్వండి రావు గారూ" అన్నాడు అచ్యుత్. "ఇంకాసేపుంటే మాకూ గుడ్డలు చుట్టి ఈ పెట్టెలోనే పెట్టేస్తారు."

"కదలకండి. ఆయన చూడండి, ఎంత బుద్ధిగా పడుకున్నాడో."

ఆ హాలు చివర నమూనా సమాధి ఒకటి కట్టారు. మసక వెలుతురు, ఇరుకు దారి, కిందికి మెట్లు. అడుగున గదిలో గోడలనిండా బొమ్మలు. చూసి తిరిగి ఎక్కుతుంటే, సరిగ్గా మెట్ల మధ్యలో ఆయన చెయ్యెత్తారు.

"అందరూ కూర్చోండి."

వైదేహికి ఓపిక అయిపోయింది. కాళ్ళు పీకుతున్నాయి, ఆకలేస్తోంది, వెనక జనం ఆగిపోయారు. తయారుచేసుకున్న వాక్యం భోజనాలదాకా ఆగేలా లేదు. ఇంతలో పైనుంచి గార్డు దిగొచ్చాడు. ఇక్కడ ఫోటోలు తీయకూడదు, తీసింది డిలీట్ చేయమన్నాడు.

జనార్ధనరావు గారు వినయంగా ఫోను అతని చేతిలో పెట్టేశారు. గార్డు దాన్ని అటూ ఇటూ తిప్పాడు, నొక్కాడు. "సర్, ఇది ఆన్‌లోనే లేదు" అని తిరిగిచ్చేసి వెళ్ళిపోయాడు.

వైదేహి మెట్లెక్కి, ఆయన్ని గుమ్మం పక్కకి పిలిచింది. "ఏమిటండీ ఇది? ఇన్నాళ్ళూ మమ్మల్ని కూర్చోబెట్టింది ఆగిపోయిన ఫోనుకా?"

ఆయన గొంతు తగ్గించారు. "అరవకమ్మా. అటు చూడు."

మెట్టు మీద సూర్యకుమారి గారు ఇంకా కూర్చునే ఉన్నారు. గోడ మీది బొమ్మల్ని చూస్తున్నట్టే ఉంది గానీ, గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి కూడదీసుకుంటున్నారు. అచ్యుత్ పక్కన ఏదో కబుర్లు చెబుతున్నాడు.

"హాలిఫాక్స్‌లో ఫెర్రీ దిగి ఆ ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే, గోడ పట్టుకుని నిలబడిపోయిందమ్మా. ఏమండీ అంటే, ఈ గోడ చాలా పాతది, చూస్తున్నానంది. కాసేపు కూర్చోండి అంటే ఆవిడ చచ్చినా కూర్చోదు. ఫోటోకైతే కూర్చుంటుంది."

తయారుచేసుకున్న వాక్యాన్ని వైదేహి అక్కడే వదిలేసింది.

భోజనాలకి ముందు చేతులు కడుక్కుంటూ సూర్యకుమారి గారే అడిగారు. "రావు గారిని కోప్పడ్డావా?"

"లేదండీ. ఆయన..."

"ఫోను ఆగిపోయిందనేగా? నాకు తెలుసు. నిద్ర నటించేవాళ్ళని ముప్ఫై ఏళ్ళు చూశాను. ఫోటో తీస్తున్నట్టు నటిస్తే తెలీదూ?"

"మరి తెలిసీ ఎందుకు కూర్చుంటారు?"

ఆవిడ చేతులు తుడుచుకుని నవ్వారు. "ఆయన మోకాళ్ళు చూశావా? చిప్పలు అరిగిపోయాయి. ఆపరేషన్ చేయించుకోమంటే వినడు. నేను ఎంతసేపు కూర్చుంటే అంతసేపు ఏదో స్తంభానికి ఆనుకుంటాడు. లేచానంటే నడవాలి. అందుకని నేనే ఇంకాస్త ఆయాసపడతాను. ఇదంతా ఆయనకి చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు."

వైదేహి వచ్చేసరికి అచ్యుత్ ట్రేలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "చెప్పేశావా ఆయనకి?" అన్నాడు గుసగుసగా.

"లేదు. నువ్వు ఈజిప్టు టికెట్లు నాలుగు బుక్ చెయ్యి. ఇంకో వారం పెంచు."

"వారమా? ఎందుకు?"

వైదేహి కుర్చీలో కూలబడి, బూట్లు వదులు చేసుకుని, హమ్మయ్య అనుకుంది. "ఫోటోలు దిగాలి కదా. విమానంలో వాళ్ళిద్దరికీ దారి పక్కనుండే ఐల్ సీట్లు చూడు. కాళ్ళు చాపుకోడానికి ఇద్దరికీ కావాలి, ఏ ఒక్కరూ నోరు తెరిచి అడగరు. దారికి చెరో పక్కా వెయ్యి. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచుతారు, మనం కాసేపు నిద్రపోవచ్చు."