నాయన కట్టిన పూలపొట్లాలు

నాయన పోయాక పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఒకే మాట అన్నారు. దేవుణ్ణి అడక్కుండా ఆయన ఏ పనీ చేయలేదట. పక్క కొట్టు పెద్దాయన కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని అమ్మతో, "మేమంతా యముడు వచ్చినా కమిషన్ మాట్లాడే రకం తల్లీ. ఆయన అట్ల కాదు. కొట్టు బీగం తీసేదానికి గూడా పెరుమాళ్ళకి చెప్పి తీసేవోడు" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా ఏడుస్తూనే నవ్వింది. నేను ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. వచ్చినా ఆ రోజు చెప్పదగిన మాట కాదు నా దగ్గర ఉన్నది.

మద్రాసు చూలైలో మాది తాళ్ళ కొట్టు. కొబ్బరిపీచు తాళ్ళు, చాంతాళ్ళు, గోనెలు. నాయన ఒంటికి ఎప్పుడూ ఆ పీచు వాసన ఉండేది. తెల్లవారకముందే స్నానం చేసి, నామం పెట్టుకుని, పూజ ముగించిన తర్వాతే నోట్లో కాఫీ పోసుకునేవాడు. బయట ఏదీ తినేవాడు కాదు. సాయంత్రం వచ్చేటప్పుడు అమ్మకి మల్లెపూలు మరిచిపోయిన రోజు నాకు గుర్తు లేదు. నాకు అమ్మవారు పోసినప్పుడు, నామం పెట్టుకుని పెరుమాళ్ళకి తప్ప ఇంకెవరికీ మొక్కని ఆ మనిషి తిరువొత్తియూరు అమ్మవారి గుడికి చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళి వేపాకు తెచ్చాడు. "వీధిలో అందరూ నవ్వతారు" అని అమ్మ అంటే, "నవ్వనీ, బిడ్డ బతికితే నేను గూడా నవ్వతా" అన్నాడట.

ముఖ్యమైన పని ఏది వచ్చినా మా ఇంట్లో పువ్వు కట్టి చూసేవాళ్ళు. ఒక అరిటాకు ముక్కలో తెల్ల పువ్వు, ఇంకొక దానిలో ఎర్ర పువ్వు పెట్టి, రెండూ ఒకేలా కనిపించేటట్టు నారతో కట్టి దేవుడి ముందు పెడతారు. కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. తెల్లది వస్తే దేవుడు సరేనన్నట్టు, ఎర్రది వస్తే వద్దన్నట్టు. తీయకుండా మిగిలిన పొట్లాన్ని విప్పకుండానే బావిలో వేయాలి. పొట్లాలు కట్టడం ఎప్పుడూ నాయన పనే. టి. నగర్‌లో ఇంకొక కొట్టు పెట్టాలని ఆయన ఎన్నో రోజులు కలలు కన్నాడు. స్థలం కూడా చూసుకున్నాడు. ఎర్ర పువ్వు వచ్చింది. మరుసటి రోజు నుంచి ఆ కొట్టు ఊసే ఎత్తలేదు. ఆ పువ్వు మాట మీద నాకున్న నమ్మకమంతా ఆయన్ని చూసి కలిగిందే.

నేను ఎస్సెస్సెల్సీ పాసయ్యాక కాలేజీలో చేరతానని అడిగాను. నా అంతట నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అప్లికేషన్ ఇంటికి తెచ్చిపెట్టింది మా టీచరమ్మ. నాయన కాదనలేదు, సరేననీ అనలేదు. "శుక్రవారం పువ్వు కట్టి చూద్దాం పాపా. నువ్వే తీయి. దేవుడు ఎట్ల చెప్తే అట్ల" అన్నాడు.

శుక్రవారం తలంటుకుని దేవుడి ముందు కూర్చున్నాను. తీసిన పొట్లాన్ని నేనే విప్పాను. ఎర్ర గన్నేరు. నాయన నా తల మీద చేయి పెట్టి, "ఏడవబాక. ఆయనకి తెలీకుండా ఉంటుందా?" అన్నాడు. నేను ఏడవలేదు. నా చేతిని చూసుకుంటూ కూర్చున్నాను. రెండు పొట్లాల్లో దాని మీదకే ఎందుకు వెళ్ళిందా అని.

రెండో పొట్లం తీసుకుని ఆయన బావి వైపు వెళ్ళబోతుండగా, సరుకు బండి వచ్చిందని కొట్టు నుంచి పిలుపు వచ్చింది. పొట్లాన్ని పటం వెనక పెట్టి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పూజ సామాను తోమడానికి తీస్తుంటే అది నా చేతికి తగిలింది. విప్పకూడదని తెలుసు. కానీ దేవుడు నాకు ఇవ్వని ఆ తెల్ల పువ్వు ఎలా ఉందో ఒక్కసారి చూడాలనిపించింది.

లోపల ఎర్ర గన్నేరే ఉంది.

పూలసజ్జ వైపు చూశాను. అమ్మ కోసి ఇచ్చిన తెల్ల నందివర్ధనాలు అడుగున వాడిపోయి అలాగే ఉన్నాయి. పొట్లం తీసుకెళ్ళి అమ్మకి చూపించాను. ఆమె చూసింది, మళ్ళీ కట్టింది, తనే వెళ్ళి బావిలో వేసి వచ్చింది. "మీ నాయన్ని అడగబాక పాపా" అంది. ఆమెకి ముందే తెలుసా, అప్పుడే తెలిసిందా అన్నది నేను ఇప్పటికీ అడగలేదు.

సాయంత్రం నాయనకి అన్నం వడ్డిస్తూ, "ఇంకొక తూరి చూద్దామా నాయనా? ఈసారి పొట్లాలు నేను కడతా" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "దేవుడితో బేరమాడేదానికి అదేమన్నా తాళ్ళ మూటా? చెప్పింది చెప్పినాడు. మజ్జిగ పొయ్యి."

పోశాను.

అడ్మిషన్లు ముగిసిపోయాయి. ఆ తర్వాత ఆయన ఆదివారాలు మూర్ మార్కెట్‌కి వెళ్ళి నాకోసం పాత పుస్తకాలు తెచ్చేవాడు. ఏం కొంటున్నాడో ఆయనకి తెలియదు. నవలలూ, వంట పుస్తకాలూ, అట్ట ఊడిపోయిన వృక్షశాస్త్రమూ. అన్నీ చదివాను. ఆ పుస్తకాలంటే నాకు ఇష్టం, వాటిని తెచ్చిన చేతుల మీద కోపం. రోజూ డైరీ రాసే నేను ఆ కోపాన్ని మాత్రం ఏనాడూ అందులో పెట్టలేదు. ఇంట్లో అందరినీ అంత ప్రేమగా చూసుకునే మనిషి గురించి అలాంటి మాట రాస్తే, నేనే చెడ్డదాన్ననిపించేది. టి. నగర్ కొట్టు విషయంలో ఆయన నిజంగానే దేవుణ్ణి అడిగాడని ఇప్పటికీ నమ్ముతాను. తన విషయంలో అడిగాడు. నా విషయంలో అడగలేదు.

చివరి రోజుల్లో మంచం మీద నుంచి లేవలేక నన్ను పురాణం చదవమనేవాడు. ఒక సాయంత్రం మధ్యలో ఆపి, "ఎంత బాగా చదవతావు పాపా. కాలేజీకి పోయుంటే యాడికో పోయుండేదానివి. ఏం జేసేది, దేవుడు ఒప్పుకోలేదే" అన్నాడు.

"దేవుణ్ణి ఎవురు అడిగినారు నాయనా?" అన్నాను.

వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన కళ్ళు మూసుకుని, "నీకు లేదు అని చెప్పేదానికి నాకు నోరు రాలా" అన్నాడు.

తనే లేదని చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, అన్నం మానేసేదాన్ని, టీచరమ్మని పిలుచుకొచ్చేదాన్ని. నాయనతో పోట్లాడటం ఎలాగో నేర్చుకునేదాన్ని. దేవుడితో ఎలా పోట్లాడాలో నాకు తెలియదు. ఇదంతా ఆయనకి చెప్పాలనుకున్నాను. ఆయన దుప్పటి మీద నా చేయి కోసం తడుముతున్నాడు. పరవాలేదు నాయనా అనే ఒక్క మాట కోసం చూస్తున్నాడని తెలుసు.

నేను రెండు చేతులతో పుస్తకం పట్టుకుని, ఆపిన చోటి నుంచి చదవడం మొదలుపెట్టాను.