ఒకే చీరలో ఇద్దరం

మా ఆఫీసులో కొత్త పోస్టు పడిందంటే చాలు, తెలిసినవాళ్ల ఆడపిల్లలు నా దగ్గరికి వస్తారు. ఇంటర్వ్యూలో ఎట్లా మాట్లాడాలక్కా, వాళ్లకు మన మీద మంచి అభిప్రాయం కలగాలంటే ఏం చేయాలక్కా అని అడుగుతారు. అడిగినదానికి జవాబు చెప్పండి, అడగనిది చెప్పొద్దండి అంటాను. పక్క సీట్లవాళ్లు ముసిముసిగా నవ్వుతారు, ఈ మాట చెప్పడానికి ఈవిడే దొరికిందా అని. నవ్వుకోనీ. నా నోటి సంగతి నాకు తెలియంది కాదు. ఆ నోటితోనే ఈ కుర్చీలోకి వచ్చాను. ఎట్లా వచ్చానో మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

డెబ్బైల చివరి మాట. బి.ఏ. పాసై తిరుపతిలో రైల్వేస్టేషను వెనక సందులో టైపు నేర్చుకుంటున్నాను. మా నాయన బడి పంతులు. ఇంట్లో తిండికి లోటు లేదు. కానీ పగలంతా ఇంట్లో ఉంటే అమ్మకూ నాకూ పడేది కాదు. చారులో ఉప్పు దగ్గర మొదలుపెట్టి దేశ రాజకీయాల దాకా వాదించేదాన్ని. "యాడన్నా ఉద్యోగం జేసుకో తల్లీ, ఆడుండే వాళ్లతో కొట్లాడు" అనేది అమ్మ.

నా పక్క మిషను మీద ఒక పిల్ల కూర్చునేది. వడమాలపేట దాటినాక పుత్తూరు పక్కన మగ్గాల ఊరు ఒకటుంది, అక్కణ్నుంచి రోజూ బస్సులో వచ్చేది. తల్లి లేదు. తండ్రి చీరలు నేసేవాడు. ఆయనకు నీటికాసులు. కంటిచూపు చుట్టూ అంచుల్లోంచి మూసుకుంటూ వస్తోందట. నెలనెలా వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయి చూపించాలి, మందు తేవాలి, కుదిరితే ఆపరేషను చేయించాలి. లేకపోతే మిగిలిన చూపు కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. మగ్గం అప్పటికే ఆగిపోయింది. ఆ పిల్ల వేళ్లు మిషను మీద ఎంత వేగంగా కదిలేవంటే, టైపు మాస్టారు మిగతావాళ్లను ఆపి ఆమె వైపు చూపించేవాడు. నాకు మాత్రం తప్పులు జాస్తి.

చిత్తూరులో ఒక సహకార సంఘం ఆఫీసుకు టైపిస్టు కావాలని ప్రకటన పడింది. ఒకటే పోస్టు. ఇద్దరమూ పెట్టుకున్నాం. ఇద్దరికీ కార్డులు వచ్చాయి, ఒకే రోజుకు.

టైపు మాస్టారు మమ్మల్ని కూర్చోబెట్టి ఉపదేశం చేశాడు. "మొట్టమొదట సూసేది మనిషినే. నైలాన్ చీరలు కట్టుకోని పోయినారంటే సినిమాకి వచ్చినారా అంటారు. నేత చీర కట్టుకోండి. నువ్వు" అని నా వైపు తిరిగి, "గమ్మునుండు. అడిగిందానికే పలుకు. ఎదురు ప్రశ్నలు ఎయ్యబాక" అన్నాడు.

"వాళ్లు తప్పుగా అడిగితే సార్?"

"ఇదిగో, ఇదే వద్దనేది."

నాకున్నవన్నీ పూల నైలాన్లే. అప్పట్లో అదే గొప్ప. మెట్లు దిగుతూ ఆ పిల్లే అంది, "నాకు మా నాయన నేసిన చీర ఒకటుండాది మే. కండ్లు బాగున్నప్పుడు ఆఖరుగా నేసింది. కార్డుల్లో నంబర్ల ప్రకారం నన్ను ముందు పిలుస్తారు, నిన్ను ఎనక గదా పిలిచేది. నేను బయటికి వచ్చినాక నీకు ఇస్తా. నల్ల రవిక తొడుక్కో, సాలు."

ఇంకొకరైతే ఉన్న ఒక్క పోస్టుకు పోటీకి వచ్చినదానికి చీర ఇస్తారా? ఈ మాట నేను అప్పుడు అనుకోలేదు. ఎప్పుడు అనుకున్నానో తర్వాత చెబుతాను.

ఆ పొద్దున ఆమె తండ్రి కూడా తిరుపతి స్టేషను దాకా వచ్చాడు. సన్నటి మనిషి. రైలు పెట్టె మెట్టు ఎక్కడుందో కాలితో తడుముకుని, చేత్తో కమ్మీ పట్టుకుని చూసుకున్నాకే కూతుర్ని ఎక్కించాడు. కిటికీ దగ్గర నిలబడి, "భయపడబాక బిడ్డా" అన్నాడు. నాతోనూ అదే చెప్పాడు, కాకపోతే నా మొహం వైపు కాకుండా పక్క కిటికీ వైపు చూస్తూ.

పాకాల దాటాక ఆ పిల్ల నా చెవి దగ్గరికి వంగింది. "నాయన కండ్ల సంగతి ఆడ ఎత్తబాక మే. తెలిసిందంటే, ఇది నెలనెలా లీవు పెడతాదిలే అని తీసి పక్కన ఏస్తారు. నాయన్ని ఆసుపత్రికి మా పక్కింటి పెద్దమ్మ పిల్చుకోని పోతానని ఒప్పుకుండాది. నేను ఒక్కరోజు గూడా పెట్టను."

"నేనెందుకు చెప్తా?" అన్నాను.

చిత్తూరు ఆఫీసు వెనక ఒక చిన్న గది ఉంది, చీపుర్లు, బకెట్లు పెట్టేది. ఆమె లోపలికి పోయి ఇంటర్వ్యూ ముగించుకుని వచ్చింది. ఆ గదిలోనే చీరలు మార్చుకున్నాం. అరిటాకు పచ్చ, వంకాయ రంగు అంచు. ఆమె వంటి వేడి ఇంకా అందులో ఉంది. నాకు కుచ్చిళ్లు సర్దుతూ గబగబా చెప్పింది. "టైపు బాగా కొట్టినా. చీర యాడిదమ్మా అని అడిగితే మా నాయన నేసినాడని చెప్పినా. ఇంట్లో ఏమన్నా ఇబ్బందులుండాయా, లీవులు పెడతావా అంటే, ఏం లేవు సార్ అని చెప్పినా." ఆమె మొహం వెలిగిపోతోంది. ఉద్యోగం వచ్చేసినట్టే ఉంది.

లోపల ముగ్గురు. మధ్యలో సంఘం అధ్యక్షుడు, మామిడితోటల ఆసామి. ఒక పక్క మేనేజరు. ఇంకో పక్క జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన అధికారి ఒకాయన తలెత్తకుండా రాసుకుంటున్నాడు. నా టైపు కాగితం చూసి మేనేజరు మొహం చిట్లించాడు. అయిపోయిందనుకున్నాను. అప్పుడు అధ్యక్షుడు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏం పాపా, ఇందాక వచ్చిన పాప గూడా ఇదే చీర కట్టింది. వాళ్ల నాయన నీకు గూడా ఒకటి నేసిచ్చినాడా?"

గమ్మునుంటే సరిపోయేది. "అవును సార్" అన్నా సరిపోయేది.

"రెండు నేసే దారి ఆయనకు లేదు సార్. ఉండేది ఒకటే. ఆ పిల్ల వచ్చేటప్పుడు ఆ పిల్ల కట్టింది, నేనొచ్చేటప్పుడు నేను కట్టినా. మార్కులు చీరకే వేసేటట్లయితే ఇద్దరికీ సమానంగా వెయ్యండి."

అధ్యక్షుడు బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. మేనేజరూ నవ్వాడు. రాసుకునే ఆయన కూడా మొదటిసారి తలెత్తి చూశాడు. నేను మాట్లాడితే ఇంట్లో విసుక్కునేవాళ్లే గానీ అట్లా నవ్వినవాళ్లు లేరు. ఆ నవ్వు నాకు తలకెక్కింది.

"దారి లేదంటే? ముసలోడా?" అన్నాడు అధ్యక్షుడు.

"ముసలాయన కాదు సార్, కండ్లు పోతా ఉండాయి. నెలనెలా వేలూరికి పిల్చుకోని పోవాల. ఆ పిల్ల తప్ప దిక్కు లేదు. న్యాయంగా అయితే ఈ ఉద్యోగం నాకంటే ఆ పిల్లకే ఇయ్యాల సార్."

ఎంత గొప్పగా చెప్పానో! నాతో పోటీకి వచ్చినదాని పక్షాన వాదించాను. నా గొంతు నాకే బాగా వినిపించింది. అధ్యక్షుడు తల ఊపాడు, "మంచి మనసుండే పిల్ల" అని. నన్నే ఆ మాట అన్నది.

"నెలకు ఎన్ని రోజులు పడుతుంది?" అన్నాడు అధికారి. మళ్లీ తల వంచేశాడు.

"రెండు... ఒక్కోసారి మూడు."

కలం కదిలింది.

"ఆ అమ్మాయి ఇబ్బందులేమీ లేవని చెప్పిందే?" అన్నాడు మేనేజరు.

ముగ్గురూ నా వైపు చూశారు. పక్కింటి పెద్దమ్మ పిల్చుకోని పోతుంది సార్, ఆ పిల్ల ఒక్కరోజు కూడా లీవు పెట్టదు, నాకంటే మూడింతలు వేగంగా కొడుతుంది, నా కాగితం పక్కన ఆమె కాగితం పెట్టి చూడండి. ఇన్ని మాటలున్నాయి చెప్పడానికి. బస్సు కండక్టరుతో తిరుపతి నుంచి పుత్తూరు దాకా వాదించినదాన్ని. నోరు మూసుకున్నాను. మాస్టారు చెప్పినట్టు, అమ్మ ఎప్పుడూ కోరుకున్నట్టు, బుద్ధిగా, గమ్మున.

"మీకు అట్లాంటివి ఏమైనా ఉన్నాయా?"

"లేవు సార్."

బయట వేపచెట్టు కింద ఆ పిల్ల నా పూల నైలాన్ కట్టుకుని నిలబడి ఉంది. "ఏమడిగినారు మే? అన్ని నవ్వులు వినపడినాయే!"

"చీర ఒకటేనా అని అడిగినారు. ఒకటే అని చెప్పినా."

"అయ్యో, చెప్పేస్తివా!" అని నవ్వింది. "ఇంకేం అడిగినారు?"

"ఇంకేం లేదు."

పదిహేను రోజులకు ఆర్డరు నాకు వచ్చింది.

ఆమె చిత్తూరు పోయి మేనేజరును అడిగింది. ఆయన దాపరికం లేని మనిషి, ఉన్నదున్నట్టు చెప్పాడు. నీ స్నేహితురాలు నీ కష్టం చెప్పిందమ్మా, మాకు జాలేసింది, కానీ నువ్వు అబద్ధం చెప్పినావు గదా అన్నాడట. ఆమె నేరుగా టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి నా మిషను పక్కన నిలబడింది. అరవలేదు. "చెప్పొద్దని గదా చెప్పినా" అంది, అంతే.

నేను వాదించాను. నీకోసమే చెప్పానన్నాను. నీకే ఇమ్మని అడిగాను, కావాలంటే వాళ్లనే అడుగు అన్నాను. అబద్ధం చెప్పి చేరితే ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎప్పటికైనా బయటపడేదే కదా అన్నాను. మొదలు, మధ్య, చివర అన్నీ ఉన్న వాదన.  ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. వాదనలో నేనే గెలిచాను. ఆ తర్వాతి సోమవారం ఉద్యోగంలో చేరాను. చేరకుండా ఉండొచ్చు కదా అని ఇది చదివినవాళ్లు అడగొచ్చు. ఉండొచ్చు. ఉండలేదు. పోటీకి వచ్చినదానికి చీర ఎవరిస్తారు అన్న మాట, చేరిన రోజు రిజిస్టర్లో సంతకం పెడుతున్నప్పుడు తోచింది. సంతకం పెట్టాకే కలం కింద పెట్టాను.

నేను చిత్తూరులోనే గది తీసుకుని, శనివారాలు తిరుపతి వచ్చిపోయేదాన్ని. ఆరేడేళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం సోమవారం పొద్దున తిరుపతి స్టేషనులో చిత్తూరు మీదుగా పోయే కాట్పాడి బండి కోసం నిలబడి, టీ చల్లగా ఇచ్చాడని అమ్మేవాడితో తగాదా పెట్టుకున్నాను. వెనక నుంచి ఎవరో, "ఆ గొంతు మా బిడ్డతో టైపుకు పోయిన పిల్లది గాదా?" అన్నారు.

ఆయనే. కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. కండ్లు తెరిచే ఉన్నాయి గానీ వాటిలో ఏమీ లేదు. ఆమె నెత్తిన గిన్నెల మూట. వేళ్లన్నీ మామిడిజీడి తగిలి నల్లగా కాలి, పొరలు లేచి ఉన్నాయి. చిత్తూరు పక్కన మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పని, సీజను అయ్యేదాకా అక్కడే షెడ్డులో ఉంటామని తండ్రే చెప్పాడు. ఆమె నన్ను చూసి చూపు తిప్పుకుంది.

"యా ఊర్లో ఉండావమ్మా? ఏం చేస్తా ఉండావు?" అన్నాడాయన. "ఆ పొద్దు మీరిద్దరూ అంత దూరం పోయొస్తే, ఆ ఉద్యోగం ఎవురికీ లేకుండా రద్దు చేసేసినారంటనే. మా బిడ్డ చెప్పి ఏడ్చింది. నీకు గూడా అన్యాయమే జరిగింది."

నేను ఆమె వైపు చూశాను. ఆమె పట్టాల వైపు చూస్తోంది. నా భుజానికి ఆఫీసు సంచి, అందులో అన్నం క్యారియరు.

"అవును నాయనా" అన్నాను. "ఎవురికీ ఇయ్యలేదు."

"ఊరికే ఉండావా అయితే?"

"ఊరికేనే."

ఆయన చెయ్యి చాచి గాలిలో వెతికి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "వస్తాదిలే తల్లీ. నువ్వు మాట్లాడితే ఎవురైనా వింటారు. నీకు యాడన్నా దొరికితే, మా బిడ్డ గురించి గూడా ఒక మాట చెప్పమ్మా ఆడ. కాయలు కోసి కోసి చేతులు పోతా ఉండాయి దానికి."

"చెప్తాను నాయనా."

బండి వచ్చింది. ఆమె మూట ఎక్కించి, తండ్రి పాదాన్ని చేత్తో పట్టి మెట్టు మీద పెట్టింది. అదే బండిలో నేనూ పోవాలి. ఎక్కితే, యాడికమ్మా ప్రయాణం అని అడుగుతాడు. పెట్టెలు ఒక్కొక్కటే నా ముందు నుంచి సాగిపోయాయి. మధ్యాహ్నం బస్సులో చిత్తూరు చేరాను. రిజిస్టర్లో ఆ పూటకు లీవు రాశాను. కారణం అన్న గడిలో ఒంట్లో బాగాలేదని రాసి సంతకం పెట్టాను. మేనేజరు ఏమీ అడగలేదు. నేనెప్పుడూ లీవు పెట్టని మనిషినని అప్పటికే ఆఫీసులో మంచి పేరు.