మాత్రలు మానేశానని చెప్పిన సాక్ష్యం

కామారెడ్డిలో మా జిరాక్స్ షాపు ఉన్న వరుసలో నన్ను అందరూ పాస్టర్ సాబ్ అంటారు. నేను పాస్టర్‌ని కాను. ఆధార్ కార్డులో పుట్టిన సంవత్సరం మార్చి కాపీ తీసివ్వమని వచ్చినవాళ్లను వెనక్కి పంపేస్తానని ఆ పేరు పెట్టారు.

"ఒక్క అంకెనే గదా పాస్టర్ సాబ్. దేవుడు గంత చిన్నగ రాసింది సదువుతడా?" అని పక్క షాపు టైలర్ నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ని, లోపల గర్వంగా. అబద్ధమాడని మనిషినని నా మీద నాకు నమ్మకం. అదే రోజుల్లో ప్రతి ఆదివారం ఒక అబద్ధాన్ని మోసుకుని ఎల్లారెడ్డి బస్సు ఎక్కేవాణ్ని.

నాకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. రెండేళ్ల కింద మా ఎల్లారెడ్డి చర్చి సంఘంలో ఉపవాస ప్రార్థనలు పెట్టారు. మూడు రోజులు సాయంత్రం దాకా ఏమీ తినలేదు. నాలుగో రోజు పరీక్ష చేయిస్తే షుగర్ మామూలుగా వచ్చింది. తిండి తగ్గితే అదీ తగ్గుతుందని నాకు తెలియక కాదు. అయినా సంతోషంతో ఏడ్చాను, మాత్రలు మానేశాను. ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పే సమయం ఒకటి మా సంఘంలో ఉంటుంది. దాన్నే సాక్ష్యం అంటాం. ఆ ఆదివారం నేను లేచి, ప్రభువు నన్ను ముట్టి స్వస్థపరిచాడని, ఇక మాత్రలతో పని లేదని చెప్పాను.

ఆ రోజుకు అది నిజమే. రెండు వారాలు తిరగకముందే షాపులో కళ్లు తిరిగి మెషీన్ మీద పడ్డాను. డాక్టర్ తిట్టి మళ్లీ మాత్రలు మొదలుపెట్టించాడు. ఆ సంగతి కూడా లేచి చెప్పాల్సింది. చెబుదామనే వెళ్లాను. కొత్తగా వచ్చినవాళ్ల కోసం నీ సాక్ష్యం మళ్లీ చెప్పమని పాస్టర్ గారు అందరి ముందు పిలిచారు. పాత సాక్ష్యమే చెప్పాను. తరువాత సదాశివనగర్‌లో ఒకరింట్లో ప్రార్థన కూటంలో చెప్పాను. మరో రెండు ఊళ్లలోనూ చెప్పాను. మాత్రలు షాపులో ఖాళీ ఇంకు డబ్బాలో దాచి, ఒక అట్ట మాత్రం జేబులో పెట్టుకునేవాణ్ని. నా భార్యకు తెలుసు. "చెప్పెయ్యరాదు" అని రెండుసార్లు అంది. తరువాత అనడం మానేసింది.

ఆరాధన అయ్యాక లింగంపేట నుంచి వచ్చే ఒక అక్క అందరికీ చాయ్ పెట్టేది. ఇంట్లో బీడీలు చుట్టుకుని బతికే మనిషి. ఆమెకూ షుగరే. "మా తమ్మికి ఇప్పుడేం భయం లేదు" అంటూ నా గ్లాసులో అందరూ చూస్తుండగా రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేసేది. నేను తాగేవాణ్ని. ఇంటికి వచ్చి అర మాత్ర ఎక్కువ మింగేవాణ్ని.

మొన్నీమధ్య ఆమె మూడు వారాలు వరుసగా రాలేదు. ఆమె కాలి కోసం ప్రార్థన చేయమని పాస్టర్ గారు ప్రకటించారు. నా వెనక కూర్చున్న ఒక తల్లి ముందుకు వంగి, "నీ సాక్ష్యం ఇన్నకాడికెల్లి గోలీలు బందు జేసిందట అన్నా. గట్టి విశ్వాసం" అంది. నన్ను మెచ్చుకోవాలనే అంది ఆమె.

తిరుగు బస్సులో లింగంపేటలో దిగిపోయాను.

అక్క గోడకానుకుని కూర్చుని ఉంది. ఒళ్లో బీడీల చాట, ముందుకు చాపిన కుడికాలు. రెండు వేళ్లు నల్లబడ్డాయి. ఆ వాసన గుమ్మంలోనే తగిలింది.

"ఏంది తమ్మీ, గట్ల నిలబడ్డవ్? కూసో. నొప్పి గూడ లేదు సూడు, ప్రభువు దయ."

"నేను సేతుల వెట్టిన గోలీలన్ని పొయిల ఏసింది" అంది ఆమె కోడలు లోపలి నుంచి. "డాక్టరు మాట ఇనది. నీ మాటైతే ఇంటది. జర నువ్వన్న జెప్పు."

చెప్పాను. నేను మాత్రలు మానలేదని, రెండేళ్లుగా వేసుకుంటూనే ఉన్నానని చెప్పాను. అక్క బీడీ చుట్టడం ఆపలేదు.

"నీకు విశ్వాసం తగ్గింది తమ్మీ. నేను ప్రార్థన జేస్త."

జేబులోంచి మాత్రల అట్ట తీసి, ఆమె ముందే ఒకటి నోట్లో వేసుకుని నీళ్లు తాగాను. అప్పుడు ఆగాయి ఆమె చేతులు.

"మరి నేను కలిపిన చాయ్?"

"తాగి, ఇంటికి పొయి గోలీ ఎక్కువేసుకున్న అక్కా."

కోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎంత తిట్టినా పడదామని చూస్తున్నాను. అక్క తిట్టలేదు.

"గప్పుడు నిజమన్నవ్. ఇప్పుడు నిజమంటున్నవ్. ఏది నమ్మాలె నేను? గప్పుడు గంతమంది ముందట నిలవడి జెప్పినవ్. గంతమంది ముందట ఇది గూడ జెప్పు. గప్పుడు మింగుత."

ఆదివారానికి ఇంకా వారం. ఆ కాలు వారం ఆగేలా లేదు. అప్పటికప్పుడు మళ్లీ ఎల్లారెడ్డి వెళ్లి, పాస్టర్ గారి కాళ్ల దగ్గర కూర్చున్నాను. పది మందిని తీసుకుని రేపే లింగంపేట రమ్మన్నాను. ఆయన తల పట్టుకున్నారు. "ఆమెకొక్కదానికి మెల్లగ నచ్చజెప్పు. అందరికి తెలిస్తే సంఘం పేరేం గావాలె?" అన్నారు. బైబిల్లోని పది ఆజ్ఞలు పిల్లలకు నేర్పేది నేనే. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను ఎన్నిసార్లు వల్లె వేయించానో ఆయనకూ తెలుసు. అదే అన్నాను. ఆయన లేచి చొక్కా వేసుకున్నారు.

మరునాడు పొద్దున్నే ఆమె ఇంటి ముందు ఎనిమిది మంది నిలబడ్డారు. వాళ్ల ముందు అంతా చెప్పాను, చాయ్ సంగతితో సహా. ఒకాయన మధ్యలోనే వెళ్లిపోయాడు. అక్క చెయ్యి చాపింది. కోడలు మాత్రలు పెట్టింది. మింగింది. ఆ పూటే ఆటోలో కామారెడ్డి తీసుకుపోయాం.

రెండు వేళ్లు తీసేశారు. పాదం నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమంటున్నారు డాక్టర్లు. రోజూ షాపు మూసి ఆసుపత్రికి వెళ్తున్నాను. కోడలు నాతో మాట్లాడదు. అక్క మాత్రం నిన్న ఒక్క మాట అడిగింది: "నా లెక్క ఇంకెవలన్న ఉన్నరా తమ్మీ?"

నాకు తెలియదు. నాలుగు చోట్ల చెప్పాను. విన్నవాళ్లు ఏ ఊరివాళ్లో, ఇంటికెళ్లి ఇంకెవరికి చెప్పారో నాకు తెలియదు. ఆ ఊళ్లకు పోయి అడుగుతున్నాను. కొందరు తలుపు తీయడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. జిరాక్స్ షాపాయన షుగర్ ప్రార్థనతో పోయిందని మీరెక్కడైనా విని ఉంటే, ఆ మనిషిని నేనే. పోలేదు. నేను ఒక్క రెండు వారాలు తప్ప మాత్రలు మానలేదు. ఆ మాట విని మానినవాళ్లుంటే, దయచేసి ఈ రోజే డాక్టర్ దగ్గరికి పోండి.