వదలని ఎడమ చెయ్యి

1976 జూన్‌లో సంగారెడ్డిలోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో నాకు ఫిజియోథెరపిస్టుగా ఉద్యోగం వచ్చింది. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని అప్పట్లో ఆ ప్రాంతంలో తెలిసినవాళ్ళు తక్కువ. అవుట్‌పేషెంట్ షెడ్డు వెనక రెండు గదులు ఇచ్చారు. ఒకదానిలో నడక నేర్పడానికి రెండు వైపులా పట్టుకునే కర్రలు, నేల మీద ఒక పరుపు, కాపడం పెట్టే ఎర్ర దీపం ఉండేవి. రెండోదానిలో మైనం కరిగించే తొట్టె. రోగులు నన్ను మాలీషమ్మ అనేవారు. “పో, మాలీషమ్మ కాడికి పో. నూనె నువ్వే తెచ్చుకోవాల్నో ఏమో అడుగు” అని కాంపౌండరు వాళ్ళతో పరాచికాలాడేవాడు.

పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న కాలం అది. దెబ్బ తగిలిన కార్మికుడు తిరిగి పనిలో చేరాలంటే డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి. సంతకం డాక్టరుది. చెయ్యో కాలో దెబ్బతిన్నప్పుడు ఆ అవయవం ఏ పని చేయగలదో, ఏది చేయలేదో పరీక్షించి చెప్పే బాధ్యత నాది. డాక్టరు పంపకుండా నేను ఏ రోగినీ ముట్టుకోకూడదు. హోదాలో నర్సింగ్ సూపరింటెండెంటు కన్నా కింద, కాంపౌండరు కన్నా పైన. ఆ రెండో మాట కాంపౌండరు ఒప్పుకునేవాడు కాదు.

ఆ ఏడాది చలికాలం మొదట్లో దేవదానం నా దగ్గరికి వచ్చాడు. రుద్రారం పక్క పల్లె అతనిది. పటాన్‌చెరులో ఒక వర్క్‌షాపులో టర్నర్, అంటే లేత్ మిషన్ మీద ఇనుప కడ్డీని తిప్పుతూ చెక్కే పనివాడు. బొంబాయి రోడ్డు మీద సైకిల్‌పై వస్తూ లారీకి పక్కకు తప్పుకోబోయి కల్వర్టు గోడకు తల కొట్టుకున్నాడు. నుదుటి మీద, కుడివైపున దెబ్బ. హైదరాబాదులో చాలా వారాలు పడుకున్నాడు. మా దగ్గరికి వచ్చేసరికి నడుస్తున్నాడు, మాట స్పష్టంగా ఉంది. ఎడమ చెయ్యి కొంచెం మొద్దుబారిందని పెద్ద డాక్టరుగారు నా దగ్గరికి పంపారు.

భార్య సుందరమ్మ వెంట వచ్చింది. “తెలివి లేనప్పుడు గూడ నా ఏలు పట్టుకున్నడమ్మా. గుంజుకుందమంటే ఇడువలే. గా పట్టు చూసే నాకు ధైర్నమొచ్చింది” అంది. నేను తల ఊపాను. ఆమె ధైర్యం దేని మీద నిలబడిందో నాకు అప్పుడే అనుమానం కలిగింది.

పుట్టిన పసిపాప అరచేతిలో వేలు పెడితే పాప గట్టిగా పట్టుకుంటుంది. అది ప్రేమ కాదు, పుట్టుకతో వచ్చే ప్రతిచర్య. ఇలాంటివి పసివాళ్ళలో చాలా ఉంటాయి. మెదడు ముందు భాగం ఎదిగేకొద్దీ వాటిని అదుపులో పెడుతుంది, నెలలు గడిచేసరికి అవి కనబడవు. కనబడవే గాని పోవు. ఆ ముందు భాగానికి దెబ్బ తగిలితే అదుపు సడలి, పెద్దవాళ్ళలోనూ తిరిగి బయటపడతాయి, కుడివైపు దెబ్బయితే ఎడమ చేతిలో.

దీన్ని పరీక్షించే పద్ధతి ఉంది. రోగిని వేరే మాటల్లో పెట్టి, అతని చూపు అటువైపు ఉండగా, వేలితో అరచేతి మొదలు నుంచి బొటనవేలి వైపు నెమ్మదిగా రాయాలి. దేవదానాన్ని వాళ్ళ ఊరి బోరింగు గురించి అడుగుతూ అలా చేశాను. చెప్తూ చెప్తూనే అతని వేళ్ళు నా వేలి చుట్టూ మూసుకున్నాయి. లాగితే ఇంకా బిగిశాయి. వదలమన్నాను. అతను చేతి వైపు చూసి మాట ఆపేశాడు.

“నేను పట్టుకుంటలేనమ్మా. అదే పట్టుకుంటది.”

సుందరమ్మ మందుల కోసం బయటికి వెళ్ళినప్పుడు మిగతాది చెప్పాడు. వారం కింద పటాన్‌చెరు బస్సులో పై కడ్డీ పట్టుకున్నాడు. దిగే స్టాపు వచ్చింది. చెయ్యి రాలేదు. “దిగవా ఏందయ్యా, బస్సు కొనుక్కున్నవా?” అని కండక్టరు అంటే జనం నవ్వారు. స్టాపు మరిచిపోయినట్టు నటించి ముందుకు పోయి, కుడిచేత్తో ఒక్కో వేలు ఊడదీసుకుని దిగి వెనక్కి నడిచాడు. ఇంట్లో చంటిపిల్లను ఎత్తుకోవడం మానేశాడు. భార్యకు చెప్పలేదు. “ఫ్యాక్టరీల తెలిస్తే లేత్ మీదికెళ్ళి దింపుతరు. జెర మీ కడుపుల పెట్టుకోండ్రి” అని రెండు చేతులూ జోడించాడు. జోడించిన చేతుల్లో ఎడమది కుడిదాన్ని పట్టుకుంది.

నాకు భయం వేసింది. లేత్ అంటే నాకు అంతకుముందే కొంత తెలుసు. దాని మీద చేతులు పోగొట్టుకున్నవాళ్ళు నా గదికి వచ్చేవారు. చెక్కడం పూర్తయ్యాక కడ్డీకి నునుపు తేవడానికి ఎమరీ గుడ్డ పట్టీని తిరుగుతున్న కడ్డీ మీద వేసి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుంటారు. ఎడమ చెయ్యి చక్ పక్కనే ఉంటుంది. చక్ అంటే కడ్డీని బిగించి తిప్పే దిమ్మ. దాని ఉక్కు దవడలు కడ్డీతో పాటే తిరుగుతాయి. పట్టీ ఎక్కడైనా చిక్కుకుంటే పనివాడు చేయవలసింది ఒక్కటే, వదిలేయడం. అంతకు మించి ఆ పనిలో రక్షణ లేదు.

చికిత్స మొదలుపెట్టాను. బల్ల మీద అరచెయ్యి పరిచి ఒంటి బరువు దాని మీద మోపించడం, చేతి వెనక భాగాన్ని నిమిరి వేళ్ళు తెరిపించడం, చెక్క దిమ్మను తీసి, పెట్టి, వదలడం. చూస్తూ చేస్తే వదిలేవాడు. మాటల్లో పెడితే వదలలేకపోయేవాడు. నెలలు పట్టే పని అది. విషయమంతా పెద్ద డాక్టరుగారికి చెప్పాను. లేత్ పని తప్ప మరేదైనా చేయవచ్చని రాద్దామన్నారు.

అంతలో దేవదానం వర్క్‌షాపుకు వెళ్ళి కనబడి వచ్చాడు. అక్కడొక అలవాటుంది. జబ్బుపడి తిరిగొచ్చినవాడి చేతికి ఇనుప రాడ్ ఇచ్చి తోటివాళ్ళు రెండో కొస పట్టుకుని లాగుతారు. రాడ్ జారిపోతే ఇంకా రెస్టు కావాలని అర్థం. దేవదానం ఎడమ చేతి నుంచి ఎవరూ లాగలేకపోయారు. ఎంత గట్టిగా లాగితే చెయ్యి అంత బిగిసింది. బీహారు నుంచి వచ్చిన ఫిట్టర్ ఒకడు లోహే కా హాథ్, అంటే ఇనుప చెయ్యి, అన్నాడట. షెడ్డంతా చప్పట్లు కొట్టారట.

మర్నాడు ఫోర్‌మన్ మల్లారెడ్డి దేవదానాన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఆర్డరు మీద పడి ఉంది, మంచి టర్నర్ లేడు.

“గింత తాకత్ ఉన్నోనికి రెస్టేంది మేడమ్? నా చేతులు నొస్తున్నయి గుంజీ గుంజీ.”

అది బలం కాదని, వదలలేకపోవడమని చెప్పాను.

“ఇడువకపోతే మంచిదే గదా. పని చేసేటోడు పట్టుకోవాలె గని ఇడిస్తే ఎట్ల? అయినా ఎడమ చెయ్యే కదమ్మా.”

పెద్ద డాక్టరుగారు లేత్ పనికి సర్టిఫికెట్ ఇవ్వనన్నారు, తూకాలు, కొలతల పని ఏదైనా చూడమన్నారు. మల్లారెడ్డి లేచి, “ఇగ కొత్తోన్ని పెట్టుకుంట. మిషన్ ఎన్నొద్దులు ఖాళీగుంచాలె?” అన్నాడు. ఆ మాట నాతో అన్నాడు గాని తగిలింది దేవదానానికి. ఆ పూట అతను చెక్క దిమ్మను ఒక్కసారి కూడా వదలలేకపోయాడు.

తరువాతి సోమవారం అతను రాలేదు. సుందరమ్మ వచ్చింది, కొంగులో జామపండ్లు తెచ్చింది. “డ్యూటీకి పోయిండమ్మా! సర్టిఫికెట్ ఎనక సూస్తం గని ఒక్కరోజు పని నడిపియ్యమని ఫోర్‌మన్ సారు మనిషిని తోలిండు. మీ పుణ్యమమ్మా.”

బస్సు సంగతి, చేతి సంగతి ఆమెకు అప్పుడు చెప్పాను. ఆమెకు తెలియకుండా అతను దాచుకున్న సంగతి అది, అయినా చెప్పక తప్పలేదు. ఆమె పండ్లు కింద పెట్టింది. “అయితే గప్పుడు, తెలివి లేనప్పుడు, నా ఏలు పట్టుకున్నది…” అని ఆగింది. జవాబు చెప్పే వ్యవధి లేదు. డాక్టరుగారిని అడిగి ఆసుపత్రి జీపులో ఇద్దరం బయలుదేరాం. కంది ఊరు దాటాక సుందరమ్మ, “జల్దీ పోనియ్యి అన్నా” అని డ్రైవరుతో అంది.

షెడ్డులో అడుగుపెట్టగానే అతను కనబడ్డాడు. వీపు మా వైపు ఉంది. మోటారు తిరుగుతోంది. ఎమరీ పట్టీ కడ్డీ మీద ఉంది, కొసలు రెండు చేతుల్లో ఉన్నాయి. ఎడమ చెయ్యి చక్‌కు జానెడు దూరంలో.

సుందరమ్మ నోరు తెరిచింది. నేను ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. పిలిస్తే ఉలిక్కిపడతాడు. చూపు మళ్ళితే ఆ చెయ్యి ఇక అతనిది కాదు. ఆమె నా అరచేతిలోకి ఊపిరి వదులుతూ అలాగే నిలబడింది.

మల్లారెడ్డి పక్క బల్ల దగ్గర కొలత చూస్తున్నాడు. నేను దగ్గరికి వెళ్ళి మెల్లగా, “మిషన్ ఆపండి. అతన్ని పిలవకండి. తర్వాత నన్ను ఏమైనా అనండి” అన్నాను. అతను నా ముఖం చూశాడు. వెళ్ళి స్విచ్చి నొక్కాడు.

మోటారు ఆగినా చక్ వెంటనే ఆగదు, కొంతసేపు తన వేగంతో తిరుగుతుంది. పక్కకు వచ్చిందెవరా అని దేవదానం తల తిప్పాడు. ఆ క్షణంలో పట్టీ మడత పడి కడ్డీకి చుట్టుకుంది. కుడి చెయ్యి వదిలేసింది. ఎడమ చెయ్యి వదలలేదు. పట్టీ లాగేకొద్దీ పిడికిలి బిగిసి, మోచెయ్యి చాచుకుని, చెయ్యి చక్ వైపు పోయింది. అతను అరవలేదు. తన చెయ్యి పోతున్న వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక దవడ వేళ్ళ కణుపులను గీరుకుంటూ పోయింది. రెండోది వాటికి ఆని ఆగింది.

మల్లారెడ్డి పరుగున వచ్చి వేళ్ళు ఊడదీయబోయాడు. లాగితే పిడికిలి మరింత బిగిసింది.

“ఇడువురా. ఇడువు, నాయినా.”

“ఇడుస్తనే ఉన్న సార్” అన్నాడు దేవదానం.

నేను మణికట్టును లోపలికి వంచి, చేతి వెనక భాగాన్ని నిమిరాను. వేళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. కణుపుల మీద తోలు పోయింది, ఎముకకు ఏమీ కాలేదు. నేను వెళ్ళకపోతే ఆ రోజు పట్టీ చుట్టుకునేదే కాదేమో. మోటారు నడుస్తుండగా చుట్టుకుని ఉంటే ఏమయ్యేదో ఆ షెడ్డులో అందరికీ తెలుసు.

కట్టు కడుతుండగా మల్లారెడ్డి అతని పక్కన కూర్చుని, “ఇట్లున్నదని నువ్వే నాకు చెప్తే ఏమైతుండెరా?” అన్నాడు.

“లేత్ పోతుండె సార్.”

మల్లారెడ్డి అతన్ని తయారైన కడ్డీల కొలతలు సరిచూసే బల్ల దగ్గర వేశాడు. చికిత్స ఏడాదికి పైగా సాగింది, చెయ్యి చాలావరకు మాట విన్నది. చంటిపిల్లను కుడిచేత్తో ఎత్తుకునేవాడని సుందరమ్మ చెప్పింది. లేత్ మీదికి మాత్రం నేను ఎన్నడూ ఒప్పుకోలేదు, అతనూ అడగలేదు.

ఆ తరువాత నా పద్ధతిలో మార్పులు చేసుకున్నాను. చేతి బలం కొలిచే ముందు చెయ్యి వదలగలదా అని చూశాను, అదీ రోగి చూపు, మాట వేరేచోట ఉన్నప్పుడు. వీలైన ప్రతిచోటా పని జరిగే స్థలానికి వెళ్ళి చూశాను. పరీక్షగదిలో, నా కళ్ళ ముందు, ప్రతి చెయ్యీ బుద్ధిగానే ఉంటుంది. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్న మనిషి చేతి గురించి నిజం చెప్పడు. ఆ భయాన్ని కూడా రోగలక్షణాలలో ఒకటిగా పరీక్షించాలని మాకు చదువులో ఎవరూ చెప్పలేదు. నా తరువాత ఆ రెండు గదుల్లోకి వచ్చినవాళ్ళకు నేను చెప్పాను.